క్రయమా? గుత్తయా?

ఇంటికి వచ్చు వస్తువు చిన్నదైనను పెద్దదైనను దాని మంచిచెడ్డలు విచారించి తెచ్చుట గృహిణికి అలవడిన విద్య. బియ్యము కొన్నచో గింజ కొరికి చూతుము. చీర కొన్నచో అంచు త్రిప్పి చూతుము. ఉద్దానములో పుట్టినవారమైనచో కొబ్బరికాయను చెవియొద్ద ఆడించి లోపల నీరెంత యున్నదో చెప్పగలము. అయినను ఈ కాలమున మన పిల్లలు డబ్బిచ్చి కొనుచు, మనము పరీక్షింపక విడిచిపెట్టుచున్న సరకొకటి కలదు. అది కంప్యూటరు ఆట. దానిని చేతబట్టి చూచుటకు వీలులేదు. అడిగి తెలిసికొందమన్నను మనకు తెలియని విషయమని ప్రక్కకు తొలగుదుము. “ఆటలే కదా, పిల్లల గోల” యని నేనును చాలకాలము ఊరకుంటిని. ఆ మాట తప్పని నాకు తెలియజేసినది ఒక తుపాను.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువను తీరము దాటినది. మా ప్రాంతపు సోదరీమణులకు ఆ రాత్రిని గూర్చి చెప్పనక్కరలేదు. తక్కిన జిల్లాలవారి కొరకు రెండు మాటలు వ్రాయుచున్నాను. శ్రీకాకుళము జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మొదలగు మండలముల మేర సముద్రము ప్రక్కనున్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే అట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. ఆ తెల్లవారుజామున గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచి, తాతల నాటి చెట్లను ఒక్క పూటలో నేల కూల్చెను. కరెంటు స్తంభములు విరిగెను, తీగెలు తెగెను, సెల్లు టవర్లు మూగవోయెను.

మా అన్నగారి కాపురము పలాసలో, నేనుండునది టెక్కలి. మామూలు దినములలో బస్సులో గంట లోపలి ప్రయాణమే. ఆ వారము మాత్రము బియ్యము, కొవ్వొత్తులు, మందులు మూటగట్టుకొని నేను పలాస చేరుసరికి పూట గడచెను. తోట పోగొట్టుకొన్న మా వదినెగారి తల్లి అప్పటికే అచ్చటికి వచ్చి యుండెను. ఆమె యెవరితోను ఎక్కువ మాటలాడుట లేదు. తొమ్మిదేండ్ల మా మేనకోడలు గాలి చప్పుడైనచో ఉలికిపడి లేచి కూర్చుండెడిది.

మా మేనల్లుడు అప్పుడు ఇంజనీరింగు రెండవ యేడు చదువుచుండెను. ఆ వేసవి సెలవులలో వాడు జీడిపప్పు కర్మాగారమొకదానిలో 80 కిలోల పిక్కల బస్తాల లెక్క వ్రాసి కొంత డబ్బు సంపాదించెను. అందులో తల్లికొక చీర, చెల్లెలికొక గౌను కొని, మిగిలినదానితో తనకొక ఆట కొనుక్కొనెను. అడవులు, కొండలు తిరిగి పోయిన వస్తువులను వెదకు సాహసపు ఆట అది. చెల్లెలు ప్రక్కన కూర్చుండి “ఎడమకు తిప్పు, కుడికి తిప్పు” అని దారి చెప్పుచుండెడిదట. ఆటను అమ్మిన సంస్థ పేరుతో ఇచ్చట మనకు పని లేదు.

వీధివారందరు చందాలు వేసికొని అద్దెకు తెచ్చిన జనరేటరు ప్రొద్దుగూకిన పిమ్మట కొంతసేపు నడచెడిది. నీళ్లు తోడుకొనుట, సెల్లులకు ఛార్జి ఎక్కించుట ముగిసిన తరువాత ఇంకను అరగంట మిగిలెను. మేనల్లుడు చెల్లెలిని పిలిచి కంప్యూటరు తెరచెను. ఆ పిల్ల మొగమున వారము దినముల తరువాత నవ్వు కనబడెను. అంతలో తెరమీద ఆటకు బదులు ఒక చిన్న పెట్టె వచ్చి, ఇంటర్నెట్టు లేదనియు, ఖాతాను సరిచూచుటకు వీలుపడలేదనియు, తరువాత మరల ప్రయత్నింపుమనియు చెప్పెను. ఆట సమస్తము ఆ యింటి కంప్యూటరులోనే యున్నది. దానిని తెరచుటకు సెలవు మాత్రము ఎచ్చటనో సముద్రముల కావల నున్నది.

అప్పుడు ప్రక్కయింటి పిల్లవాడు పెన్ డ్రైవొకటి తెచ్చెను. అందులో నున్నది ఆ యాటయే, కాని దొంగ నకలు. అది ఇంటర్నెట్టును అడుగదు, ఖాతాను అడుగదు. మీట నొక్కిన తెరచుకొనును. మేనల్లుడు దానిని చేతిలో పట్టుకొని నా వైపు చూచి, “ఇదేటి న్యాయం అత్తా? డబ్బులిచ్చినోడిని గుమ్మంలో ఆపేసి, దొంగతనంగా తెచ్చుకున్నోడికి తలుపు తీస్తారా?” అని యడిగెను.

నాకు జవాబు తోచలేదు. మా వదినె దీపమునకు నూనె పోయుచు, “ఒరే, మన కంచె అవతల పడిన కాయలు మనవి కావు. గాలి పడేసినా కాయ తోటోడిదే. తిరిగిచ్చీ” అనెను. వాడు తిరిగి యిచ్చివేసెను. కాని వాని మొగము చిన్నబోయెను. అంతవరకు మాటలాడక కూర్చున్న అమ్మమ్మ తలయెత్తి, “నాయనా, నువ్వు కొన్నావా, గుత్తకి తీసుకున్నావా? కాగితం చదివేవా?” అని యడిగెను.

“కొన్నానే అమ్మమ్మా. కొనండి అనే రాసుంది.”

“కొన్నోడి చేతికి తాళం ఇస్తారు. ఇవ్వలేదంటే అది గుత్తే.”

గుత్తయనగా ఒక కాపునకు గాని, ఒక గడువునకు గాని కాయ కోసికొను హక్కు. చెట్టు మనది కాదు, నేల మనది కాదు. ఉద్దానములో చదువురాని ముసలమ్మకు కూడ క్రయమునకు గుత్తకు గల భేదము కరతలామలకము. ఆ రాత్రి మా పిల్లలు జీడిపిక్కలాట ఆడుకొనిరి. నేను మాత్రము ఆ ప్రశ్నను మరువలేక తరువాత పలువురిని అడిగి, చదివి, కొంత తెలిసికొంటిని. దానిని చదువరుల యెదుట నుంచుచున్నాను.

తాళముల కథ

కంప్యూటరు ఆటకు నకలు తీయుట మిక్కిలి సులభము. నూరవ నకలు కూడ మొదటిదానివలెనే యుండును. అందువలన మొదటినుండియు అమ్మువారు ఏదో యొక తాళము వేయుచునే యున్నారు. 1980 ప్రాంతముల ఆటతో కూడ నొక పుస్తకము వచ్చెడిది. ఫలాని పుటలో ఫలాని వరుసలో నున్న మాట యేదని ఆట ప్రశ్నింపగా, పుస్తకము కలవాడే చెప్పగలిగెడివాడు. పిమ్మట అసలు డిస్కును కంప్యూటరులో పెట్టిననే గాని ఆట తెరచుకొనని పద్ధతి వచ్చెను. పెండ్లి శుభలేఖలు కూర్చు డి.టి.పి. దుకాణములలో తెలుగక్షరముల సాఫ్టువేరు కొరకు డాంగిల్ అను బొటనవ్రేలంత తాళపుచెవిని కంప్యూటరుకు తగిలించుట మీలో కొందరు చూచియే యుందురు. అది పోయినచో చిక్కే. కాని దానికొక సుగుణము కలదు: ఆ తాళపుచెవి కొన్నవాని చేతిలో నుండును. ఇంటర్నెట్టు తెగిపోయినను అది పనిచేయును.

ఇంటర్నెట్టు వచ్చిన తరువాత తాళపుచెవి కొన్నవాని చేతినుండి అమ్మినవాని చేతికి మారెను. అమెరికాలోని వాల్వు అను సంస్థ 2003లో స్టీమ్ అను ఏర్పాటును ప్రారంభించినది. 2004 నవంబరులో వెలువడిన హాఫ్‌లైఫ్ 2 అను ఆటను దుకాణములో డిస్కు రూపమున కొన్నవారు కూడ, స్టీమ్‌లో ఖాతా తెరచి, ఇంటర్నెట్టు ద్వారా సెలవు పొందిననే గాని ఆడుటకు వీలులేకపోయెను. ఆటకు ముందు తెరచుకొని, మన ఖాతాను సరిచూచి, పిమ్మట ఆటను పిలుచు ఇట్టి సాధనమునే లాంచరందురు.

ఒక్క లాంచరుతో పోయినచో కొంత మేలే. పెద్ద సంస్థలు పలువురు ఎవరి లాంచరును వారు పెట్టుకొనిరి. ఎలక్ట్రానిక్ ఆర్ట్సువారికొకటి, యూబీసాఫ్టువారికొకటి, ఎపిక్ వారికొకటి కలదు. స్టీమ్‌లో కొన్న యాటను తెరవబోగా, స్టీమ్ తన పని ముగించి, ఆట చేసినవారి లాంచరును పిలుచును. అది మరియొక ఖాతా, మరియొక రహస్యపదము అడుగును. పెండ్లివారింట గేటునొద్ద ఒకరు, చావడిలో ఒకరు, భోజనాల పందిరియొద్ద ఒకరు శుభలేఖ చూపుమని అడిగినచో ఆ భోజనము రుచించునా? పదిమందికి ఒక్కటే ఇంటర్నెట్టు, అదియు సెల్లులోని కొలత ప్రకారము దొరకు పల్లెలలో, లాంచరు తన్ను తాను మార్చుకొనుటకే ఆనాటి కొలత చెల్లిపోయి, ఆట తెరువబడకయే నిద్రవేళయగుట పిల్లలకు నిత్యానుభవము.

అమ్మువారి మాట

అవతలి పక్షమును విచారింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఒక పెద్ద ఆటను వందలకొలది చిత్రకారులు, సంగీతజ్ఞులు, యంత్రభాష వ్రాయువారు ఏండ్ల తరబడి శ్రమించి తయారుచేయుదురు. వెలువడిన మొదటి వారములలోనే అమ్మకము ఎక్కువ. ఆ వారములలో దొంగ నకలు బయలుదేరినచో వారి కష్టార్జితము గాలిబోవును. మన తోటలో పండిన కాయను పొరుగువాడు రాత్రికి రాత్రి కోసికొనిపోయిన మనము కంచె వేయమా? 2014 నుండి వాడుకలోనికి వచ్చిన డెనూవో అను తాళము ఇట్టిదే. దొంగలకు మొదటి దినములలో అడ్డుపడుటయే దాని ముఖ్యోద్దేశము. కొందరు తయారీదారులు కొంతకాలమైన పిమ్మట దానిని తామే తీసివేయుటయు కలదు. పదిమంది ఒకేసారి ఇంటర్నెట్టులో కూడి ఆడు పందెములలో మోసగాండ్రను పట్టుకొనుటకు ఖాతా అవసరమనుటయు ఒప్పుకొనదగినదే.

కాని కంచె వేయుట వేరు, తోట కొన్నవానిని దినదినము కంచె బయట నిలబెట్టుట వేరు. దొంగ నకలు చేయువాడు మొట్టమొదట చేయు పని తాళమును ఊడబెరికి పారవేయుట. కాబట్టి తాళము మిగిలెడిది డబ్బిచ్చినవాని ప్రతికే. మా మేనల్లుని ప్రశ్నలోని ముల్లు ఇదియే. ఆ ప్రశ్న పలాసలోనే పుట్టినది కాదు. లోకములోని అన్ని మూలలనుండియు వినవచ్చినది.

2008 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్సువారు స్పోర్ అను ఆటను అమ్మిరి. దానిని మూడు పర్యాయములు మాత్రమే కంప్యూటరులో స్థాపించుకొనవచ్చునని నియమము పెట్టిరి. కంప్యూటరు పాడై క్రొత్తది కొన్నవారి గతి యేమి? కొన్నవారు వేలకొలదిగా అమెజాన్‌లో అతి తక్కువ మార్కు వేసి తమ కోపమును తెలిపిరి. ఇంత తాళము వేసినను ఆ సంవత్సరము అత్యధికముగా దొంగ నకళ్లు పొందిన యాటగా స్పోర్ పేరు మారుమ్రోగెను. 2010 మార్చిలో యూబీసాఫ్టువారి అసాసిన్స్ క్రీడ్ 2 ఆడునంతసేపును ఇంటర్నెట్టు తెగకుండ నుండవలెనని నియమింపగా, ఆ నెల 7వ తేదిని ఆ సంస్థ సర్వర్లే నిలిచిపోయెను. ఇంటర్నెట్టు చక్కగా నున్నవారును ఆట తెరవలేకపోయిరి. 2013 మార్చిలో సిమ్‌సిటీ అను ఊరు కట్టు ఆట వెలువడినపుడు వచ్చిపడిన జనమునకు సర్వర్లు చాలక, ఒంటరిగా ఆడుకొనగోరినవారు సహితము దినముల తరబడి గుమ్మముననే నిలిచిరి.

తుపాను తాత్కాలికము, కరెంటు తిరిగి వచ్చును. అమ్మినవాడే శాశ్వతముగా దీపమార్పినచో? 2014 డిసెంబరులో వెలువడిన ది క్రూ అను కార్ల యాటకు నిరంతరము యూబీసాఫ్టువారి సర్వరు కావలసి యుండెను. 2024 మార్చి 31వ తేదిని ఆ సంస్థ సర్వరును మూసివేసెను. ఆనాడు డిస్కు చేతిలో నున్నవాడు కూడ ఆ ఆటను ఒంటరిగానైనను ఆడలేకపోయెను. మొదట కొన్నవారికి తొమ్మిదేండ్లకు పైగా దక్కినది. చివర కొన్నవారికి కొద్ది నెలలే. కాపు చేతికి రాకముందే గుత్త తీరిపోయినట్లయ్యెను.

ఆటలతోనే ఈ చిక్కు ఆగుననుకొనరాదు. 2009 జులైలో అమెజాన్ సంస్థ తన కిండిల్ అను చదువు పలకలలో పాఠకులు కొనియుంచుకొన్న జార్జి ఆర్వెల్ నవలలను, వానిని అమ్మినవారికి హక్కు లేదని తెలిసి, పాఠకుల పలకలనుండి తానే తొలగించెను. డబ్బు తిరిగి యిచ్చెను. తరువాత ఆ సంస్థాధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణయు చెప్పెను. అయినను రాత్రివేళ పుస్తకాల దుకాణదారు మన యింటిలో దూరి, అలమారలోని పుస్తకమును తీసికొని, బల్లమీద డబ్బుంచిపోయిన మనమేమందుము? పాఠములు, పాటలు, పుస్తకములు సర్వము ఇట్లే వచ్చుచున్న యీ దినములలో ఇది పిల్లల గోల యని ఎట్లనగలము?

ఫిర్యాదు చేసినవారికి దక్కినది

ఎవరు వినుదురని నోరు మూసికొని యుండనివారికి కొంత ఫలము దక్కినది. స్పోర్ ఆటకు మూడు పర్యాయముల పరిమితిని అయిదుకు పెంచిరి. యూబీసాఫ్టువారు, ఆడునంతసేపును ఇంటర్నెట్టు ఉండవలెనను తమ పాత నియమమును విడిచిపెట్టితిమని 2012లో ప్రకటించిరి. సిమ్‌సిటీని 2014 మార్చిలో ఇంటర్నెట్టు లేకయే ఆడుకొనుటకు వీలుగా మార్చిరి. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 అను ఆటను కంప్యూటరుపై ఆడువారందరు సోనీవారి ఖాతాను తప్పక తెరువవలెనని ప్రకటన వెలువడెను. ఆ ఖాతా దొరకని దేశములలో కూడ ఆట అమ్ముడుపోయి యుండెను. ఆడువారు లక్షలాదిగా అభ్యంతరము తెలుపగా కొద్ది దినములలోనే ఆ నియమము రద్దయినది.

ది క్రూ మూతపడిన తరువాత 2024 ఏప్రిలులో రాస్ స్కాట్ అను నతడు ఆటలను చంపవద్దను నినాదముతో ఒక ఉద్యమము ప్రారంభించెను. అమ్మిన యాటకు సేవ నిలిపివేయునపుడు, కొన్నవాడు తన యింట ఆడుకొనుటకైనను వీలు మిగిల్చి పొండని దాని కోరిక. ఐరోపా సమాఖ్యకు పంపు విన్నపముపై 2025 జులై నాటికి పది లక్షలకు మించిన సంతకములు చేరినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024 సెప్టెంబరులో ఒక శాసనము చేసి, 2025 జనవరి 1 నుండి అమలు జరుపుచున్నది. మనకు దక్కునది రద్దుచేయదగిన అనుమతి మాత్రమే యైనపుడు ఆ సంగతిని స్పష్టముగా చెప్పక ‘కొనుడు’ అను మాటతో అమ్మరాదని దాని సారము. మా అమ్మమ్మగారి ప్రశ్నయే అచ్చట శాసనమైనది.

తాళము లేకయే అమ్మువారును కలరు. పోలెండు దేశమున 2008లో స్థాపింపబడిన గాగ్ అను దుకాణము ఆటను ఒక మూటగా మన చేతికిచ్చును. దానిని మన డిస్కుమీద దాచుకొని, ఇంటర్నెట్టు ఉన్నను లేకున్నను స్థాపించుకొనవచ్చును. 2015లో వెలువడిన విచర్ 3 అను గొప్ప యాట ఆ దుకాణములో మొదటి దినమునుండియు తాళము లేకయే దొరకినది. అయినను ఆ యాట కోట్ల ప్రతులు అమ్ముడుపోయి తన యజమానులకు లాభమే తెచ్చినది. తాళము లేనిచో వ్యాపారమే లేదనుట సరికాదని దీనివలన తేలుచున్నది.

మనము చేయదగినది

మొదటిది: డబ్బు చెల్లించుటకు ముందు పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటర్నెట్టు లేకున్న ఇది తెరచుకొనునా, వేరొక ఖాతా కావలయునా యని అడుగవలెను. స్టీమ్ దుకాణపు పుటలో ఇతర సంస్థల తాళములు గాని, ఖాతాలు గాని అవసరమైనచో ఆ సంగతి ఒక చిన్న గడిలో వ్రాసియుండును. మాత్రల అట్టమీద గడువు తేది చూచునట్లు దానిని చూడవలెను. నచ్చనిచో కొన్న 14 దినములలోపల, రెండు గంటలకంటె తక్కువగా ఆడియున్నపుడు, స్టీమ్‌వారు డబ్బు తిరిగి ఇచ్చుట కలదు.

రెండవది: మా సముద్రతీరమున అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. హెచ్చరిక వినబడగానే బియ్యము, కిరోసిను, మంచినీరు చూచుకొనునట్లే, ఇంటర్నెట్టు ఉన్నపుడే ఒకమారు ఆటను తెరచి, లాంచరులో ఆఫ్‌లైన్ పద్ధతి యున్నచో దానిని పెట్టి ఉంచుమని పిల్లలకు చెప్పవలెను. అన్ని ఆటలకు అది పనికిరాదు. పనికివచ్చు వానికైనను ముందే చేసి యుండవలెను.

మూడవది: ఖాతా ఏ ఈమెయిలుతో, ఏ ఫోను నంబరుతో తెరచినది ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి యుంచవలెను. పిల్లవాడు చదువు కొరకు హైదరాబాదు పోయి సిమ్ము మార్చినంతనే కొన్నవన్నియు గాలిలో కలిసిన యిండ్లు నేనెరుగుదును. ఇంకొక సంగతి: స్టీమ్ ఒప్పందము ప్రకారము ఖాతాను అమ్ముటకు గాని, ఇతరులకు బదిలీ చేయుటకు గాని వీలులేదు. పసుపుకుంకుమల క్రింద ఆడపిల్లకు తోటముక్క ఇయ్యగలము. ఇట్టి ఖాతాను ఇయ్యలేము. క్రయమునకు గుత్తకు గల భేదమిదియే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: విసుగుచే దొంగ నకలు తెచ్చుకొనుట మందు కాదు. తాళము విరిచిన మూటలలో కంప్యూటరును పాడుచేయునవి, బ్యాంకు రహస్యములను దొంగిలించునవి చేరియుండుట తరచు. మన 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ ప్రకరణము ప్రకారము, హక్కులకు భంగము కలిగించు ఉద్దేశముతో ఇట్టి తాళమును విరుచుట రెండేండ్ల వరకు శిక్షింపదగిన నేరము. అదే చట్టములోని 52వ ప్రకరణము న్యాయముగా కంప్యూటరు ప్రోగ్రామును పొందినవానికి, అది నశించిపోకుండ కాపాడుకొనుటకై ప్రతి తీసి దాచుకొను హక్కును ఇచ్చియున్నది. హక్కు పుస్తకములో నున్నది. తాళము దానిని చేతికి రానీయదు. ఈ రెంటికి నడుమ గల యెడమును పూడ్చవలసినది శాసనకర్తలు. మోసపోతిమని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 నంబరున ఫోను చేసి చెప్పుకొనవచ్చును. అడిగిననే గాని అమ్మయైనను పెట్టదు గదా.

తిత్లీ గడచి ఏండ్లయినది. మా మేనల్లుడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. తాళము లేని యాటలనే వాడు ఏరి కొనుచున్నాడు. వానిని దాచిన చిన్న డిస్కు పలాసలో మా వదినె ఆవకాయ జాడీల పైయరలో గుడ్డసంచిలో భద్రముగా నున్నది. చెల్లెలు కావలసినప్పుడు తీసికొనును. ది క్రూ సంగతి తెలిసిన దినమున వాడు అమ్మమ్మకు ఫోను చేసి చెప్పెను. ఆమె అంతయు విని, “నువ్వా రాత్రి ఆ పెన్ డ్రైవు తిరిగిచ్చీడం మంచిదేరా. కానీ వాళ్లు నిన్ను గుమ్మంలో నిలబెట్టడం మంచిది కాదు. ఈ రెండూ నిజమే” అనెను.

ఆ రాత్రి నాకు తోచని జవాబు అది. బిడ్డకు నిజాయితీ నేర్పు బాధ్యత మనది. నిజాయితీగల బిడ్డను గుమ్మమున నిలబెట్టకుండు బాధ్యత అమ్మువారిది. మన వంతు మనము చేసినపుడే వారి వంతును గట్టిగా అడుగగలము. కావున సోదరీమణులారా, ఇకమీద మీ పిల్లలు “అమ్మా, ఒక ఆట కొనుక్కొందును” అని వచ్చినపుడు వద్దని కసరవలదు. సరేయని చూడక డబ్బియ్యవలదు. క్రయమా, గుత్తయా యని అడుగుడు. గుత్తయైనచో గుత్త వెలయే ఇయ్యుడు.